పంటు మీద పార్థులు

ఇల్లినాయ్ నదిని ఆక్రమించిన చేపల మీద యుద్ధానికి ఒక రిటైర్డ్ వెల్డర్ పాత షికారు పడవను సిద్ధం చేశారు. ఆ పడవలో విల్లు పట్టనివాడు ఒక్కడే. అతనిది కొల్లేరు.

ఆ పడవను మొదటిసారి చూసినప్పుడు నాకు నర్సాపురం రేవు గుర్తొచ్చింది. అక్కణ్నుంచి సఖినేటిపల్లికి వశిష్ట గోదావరి దాటించే పంటు ఎక్కినవాళ్లెవరికైనా అదే గుర్తొస్తుంది. రెండు పడవలను పక్కపక్కన చేర్చి, పైన బల్లలు పరిచి, ఆ బల్లల మీదికి మోటారు సైకిళ్లు, కార్లు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్లివారు అందరినీ ఒకేసారి ఎక్కించే ఏర్పాటు అది. అమెరికాలో దాని చుట్టాన్ని పాంటూన్ బోటు అంటారు. పడవల స్థానంలో రెండు అల్యూమినియం గొట్టాలు, బల్లల స్థానంలో ప్లైవుడ్, పెళ్లివారి స్థానంలో సోఫాలు. 1950ల మొదట్లో మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన ఆంబ్రోస్ వీరెస్ అనే రైతు ఉక్కు డ్రమ్ములను వరసగా అతికించి, మీద చెక్క వేదిక బిగించి సరస్సులోకి దించాడు. అప్పట్నుంచి అది అక్కడి మధ్యతరగతి వారి ఆదివారపు వాహనమైంది. కాఫీ ఫ్లాస్కు, మనవలు, ఎండ తగలకుండా పైన గుడ్డ, తాపీగా సాగే ప్రయాణం. యుద్ధానికి పనికొచ్చే సరుకులా మాత్రం కనిపించదు.

నేను చూసిన పంటు నీళ్లలో లేదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో పియోరియా నగర శివార్లలో ఒక ఇంటి పెరట్లో, ట్రైలర్ మీద ఉంది. 2024 ఆగస్టులో డెమొక్రాటిక్ పార్టీ జాతీయ సదస్సు వార్తల కోసం షికాగో వెళ్లాను. నాలుగు రోజులు జెండాలు, నినాదాలు, బెలూన్లు చూశాక మా మేనత్త కొడుకు ఫోన్ చేశాడు. “రాజకీయాలు చూసింది చాల్లేరా. మా ఊరొచ్చి అసలు యుద్ధం చూడు” అన్నాడు. షికాగో నుంచి నైరుతిగా సుమారు 265 కిలోమీటర్లు. దారి పొడవునా మొక్కజొన్న, సోయా చేలు. మధ్యలో ఎక్కడా గట్టు కనిపించదు, గుట్ట కనిపించదు.

బావది కైకలూరు దగ్గర కొల్లేటి అంచు పల్లె. పన్నెండేళ్లుగా పియోరియాలో మట్టి తవ్వే భారీ యంత్రాల డిజైన్ ఇంజనీరు. కాటర్‌పిల్లర్ కంపెనీ పెరిగింది ఈ ఊళ్లోనే. 2017లో దాని ప్రధాన కార్యాలయం ఊరు విడిచి వెళ్లినా ఫ్యాక్టరీలు, ఇంజనీరింగ్ పనులు చుట్టుపక్కల మిగిలాయి. వాటితోపాటు మనవాళ్లూ మిగిలారు. పడవ మాత్రం బావది కాదు, పక్కింటి పెద్దాయనది. వయసు 68. ముప్పై ఏళ్లకు పైగా ట్రాక్టర్ల విడిభాగాలు వెల్డింగ్ చేసి రిటైరయ్యారు. ఆయన తండ్రి హవానా అనే ఏటి ఒడ్డు ఊళ్లో వలలు వేసి చేపలమ్మి బతికిన మనిషి. హవానా అంటే క్యూబా రాజధాని కాదు. పియోరియాకు దిగువన 65 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న పట్టణం. ఇల్లినాయ్ నది మీద పరిశోధకులు 1894 నుంచి కాపలా కాస్తున్న చోటు.

పెద్దాయన 24 అడుగుల ఆ పాత పాంటూన్‌ను రెండున్నర వేల డాలర్లకు కొన్నారు. దాన్ని విలుకాళ్ల పడవగా మార్చడానికి ఒక చలికాలం, ఒక వసంతం పట్టింది. బావ శని, ఆదివారాలు అక్కడే గడిపాడు. “మనకేం తెలుసు, నట్లు అందిస్తే చాలనుకున్నా. తీరా చూస్తే ఆయన చేతికి నేను లెక్కలు అందించాల్సొచ్చింది” అన్నాడు.

ముందు పడవను బోడి చేశారు. సోఫాలు, ఎండ గుడ్డ, చుట్టూ ఉన్న కంచె పలకలు, నీళ్లు పీల్చి కంపు కొట్టే కార్పెట్ అన్నీ పెరట్లో కుప్పపడ్డాయి. కార్పెట్ కింద ప్లైవుడ్ పుచ్చిపోయి ఉంది. దాన్ని పీకేసి, నీటికి తట్టుకునే ముప్పావు అంగుళం పలకలు కొత్తవి బిగించారు. కాలు జారకుండా ఇసుక కలిపిన పెయింట్ పూశారు. చేప రక్తం, జిగురు పడ్డ చోట మామూలు నేల సబ్బు రాసినట్టు జారుతుంది. విల్లు ఎక్కుపెట్టిన మనిషి జారితే ప్రమాదం అతనొక్కడికే కాదు.

తర్వాత గొట్టాల పరీక్ష. ఒక్కో గొట్టం లోపల అడ్డుగోడలతో గదులుగా ఉంటుంది. ఒక గదికి చిల్లు పడినా మిగతావి తేలుస్తాయి. లోపలికి కొద్దిపాటి ఒత్తిడితో గాలి కొట్టి, బయట సబ్బు నీళ్లు పూస్తే కారే చోట బుడగలొస్తాయి. సైకిల్ షాపులో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచినట్టే. ఎడమ గొట్టం వెనక అతుకు దగ్గర బుడగలొచ్చాయి. పెద్దాయన దాన్ని అతికించి మళ్లీ సబ్బు పూశారు. ఆ తర్వాత గొట్టాల జోలికి వెళ్లలేదు. లైట్లు, రెయిలింగు, మోటార్లు దేన్నీ గొట్టానికి బిగించలేదు. అన్నిటినీ పైన అడ్డంగా ఉన్న దూలాలకు బోల్టులతో బిగించారు. “తేల్చేదానికి మేకు కొట్టకూడదు” అన్నది ఆయన సూత్రం.

అసలు చిక్కు బరువు దగ్గర వచ్చింది. షికారు పడవలో జనం అంతటా సర్దుకుని కూర్చుంటారు. బాణం వేసేవాళ్లు మాత్రం ముందు అంచుకే చేరతారు. అయిదుగురు బలిష్ఠులు ముక్కు మీద నిలబడితే వెనక ఇంజను తేలిపోతుంది. ఇక్కడే బావ కాగితం, పెన్సిలు పట్టాడు. ఒక్కోటి పాతిక కిలోలకు పైగా తూగే నాలుగు బ్యాటరీలు, జనరేటరు, పెట్రోలు ట్యాంకు అన్నిటినీ వెనక్కి జరిపారు. చేపలు వేసే డ్రమ్మును మధ్యలో పెట్టారు, రాత్రి గడిచేకొద్దీ బరువెక్కేది అదే కాబట్టి. పడవకు ఎంతమంది, ఎంత బరువు అన్నది తయారీదారు బిళ్ల మీద రాసి ఉంటుంది. దాంట్లోంచి అదనంగా ఎక్కించిన సామాను బరువు తీసేసి, చేపలకు చోటు వదిలి, అయిదుగురికి మించకూడదని తేల్చారు. పెద్దాయన ఆ అంకెను స్టీరింగు పక్కన రంగుతో రాశారు.

లైట్లదీ లెక్కే. ఒకప్పుడు ఇలాంటి పడవలకు అయిదేసి వందల వాట్ల హాలోజన్ దీపాలు కట్టేవారు. డజను కడితే 6,000 వాట్లు. దానికి తగ్గ జనరేటరు రొదకు పక్క మనిషి మాట వినపడేది కాదు. ఇప్పుడు 50 వాట్ల ఎల్ఈడీలు పన్నెండు పెట్టినా 600 వాట్లే. వాటిని ఎత్తున కాకుండా పడవ అంచు కిందుగా, నీటికి దగ్గరగా బిగించారు. ఎత్తున పెడితే వెలుగు నీటి మీద పడి మెరుస్తుంది తప్ప లోపలికి దిగదు. తేట నీటికి తెల్ల వెలుగు, బురద నీటికి పసుపు వెలుగు. ఇల్లినాయ్ నది గోదావరి వరద నీటికి తీసిపోదు కాబట్టి పసుపుకే ఓటు పడింది. ముందువైపు తొడల ఎత్తున మెత్త తొడిగిన రెయిలింగు, రెండు గొట్టాల ముందు చెరో చిన్న ఎలక్ట్రిక్ మోటారు. ఇంజను ఆపేసి, వీటితో చప్పుడు లేకుండా ఒడ్డు వెంబడి పాకుతారు.

మామూలు విలుకాళ్ల పడవ చదునైన అడుగున్న చిన్న రేకు పడవ. దాని మీద ప్రత్యేకంగా ఎత్తు వేదిక కట్టాలి. పాంటూన్ నేల సహజంగానే నీటికి ఎత్తుగా ఉంటుంది. వెడల్పు కాబట్టి ఊగదు. కానీ గాలి వీస్తే తెరచాపలా పక్కకు కొట్టుకుపోతుంది. మునిగి ఉన్న మొద్దులున్న చోటికి వెళ్తే గొట్టం చీలుతుంది. సన్నటి కాలువల్లో దూరదు. అన్ని మంచి గుణాలూ ఉన్న పడవ ఇంకా పుట్టలేదని పెద్దాయన ఒప్పుకున్నారు.

స్టీరింగు కుర్చీ చుట్టూ మాత్రం క్రికెట్ ప్రాక్టీసు నెట్‌లాంటి గట్టి వల కట్టి ఉంది. దేనికని అడిగాను. “సాయంత్రం తెలుస్తుంది” అన్నాడు బావ.

* * *

ఈ యుద్ధానికి కారణమైన చేపలు వాటంతటవి రాలేదు. ప్రభుత్వాలు, రైతులు పిలిస్తే వచ్చాయి. చెరువుల్లో కలుపును రసాయనాలు లేకుండా వదిలించుకోవడానికి 1963లో గడ్డిచేపను అర్కాన్సా, అలబామా రాష్ట్రాలకు తెప్పించారు. 1970ల మొదట్లో సిల్వర్ కార్ప్, బిగ్‌హెడ్ కార్ప్ అర్కాన్సాకే వచ్చాయి. చేపల చెరువుల్లో, మురుగు నీటి మడుగుల్లో నాచును తిని నీళ్లు శుభ్రం చేస్తాయన్నది ఆశ. 1980లకల్లా అవి గట్లు దాటి మిసిసిపీలో చేరాయి. అక్కణ్నుంచి దాని ఉపనది ఇల్లినాయ్‌లోకి ఎగబాకాయి. హవానా చుట్టుపక్కల నది భాగం ఇప్పుడు సిల్వర్ కార్ప్ అత్యంత దట్టంగా ఉన్న చోట్లలో ఒకటి.

మనకు ఈ కథ కొత్త కాదు. 1959లో మన దేశం కూడా సిల్వర్ కార్ప్‌ను, గడ్డిచేపను తెచ్చుకుంది. బొచ్చె, శీలావతి, మోసులతో కలిపి పెంచితే చెరువులోని ప్రతి పొరలో మేత ఖర్చవుతుందని మన శాస్త్రవేత్తలు చెప్పారు. దిగుబడి పెరిగిన మాటా నిజమే. కానీ 1971లో హిమాచల్‌ప్రదేశ్‌లో వరదకు చెరువుల్లోని సిల్వర్ కార్ప్ గోవింద్‌సాగర్ జలాశయంలోకి జారిపోయింది. తర్వాతి ఏళ్లలో అక్కడ అదే రాజ్యమేలింది, బొచ్చె చిక్కిపోయింది. అమెరికాకు జరిగింది మనకూ జరిగింది. తేడా ఒక్కటే. మనం ఆ చేపను తిన్నాం.

అమెరికాకు అసలు భయం ఇల్లినాయ్ గురించి కాదు, పైనున్న మహా సరస్సుల గురించి. 1900లో షికాగో నగరం తన మురుగు మిషిగన్ సరస్సులో కలవకుండా కాలువ తవ్వి నది ప్రవాహాన్నే వెనక్కి తిప్పింది. దాంతో సరస్సులకు, మిసిసిపీకి మధ్య దారి ఏర్పడింది. చేపలకు కావాల్సింది కూడా దారే. మహా సరస్సుల చేపల వేట విలువ ఏటా 700 కోట్ల డాలర్లని అంచనా. అందుకే 2002లో రోమియోవిల్ దగ్గర కాలువ నీళ్లలో విద్యుత్తు పారించే అడ్డుకట్ట పెట్టారు. అది చాలదని, షికాగో దగ్గర లాకులు మూసేయాలని మిషిగన్ రాష్ట్రం సుప్రీంకోర్టుకెక్కింది. 2010లో కోర్టు కాదంది. సరుకు రవాణా ఆగిపోతుందని ఇల్లినాయ్, మా సరస్సు పోతుందని మిషిగన్. ఒక నది, రెండు రాష్ట్రాలు, మధ్యలో కేంద్రం. కృష్ణా జలాల వాదనలు వింటూ పెరిగిన తెలుగువాడికి ఇందులో అనువాదం చేసుకోవాల్సింది ఏమీ లేదు. చివరికి 2024 జులైలో రెండు రాష్ట్రాలు, సైనిక ఇంజనీర్ల విభాగం కలిసి జోలియెట్ దగ్గర బ్రాండన్ రోడ్ లాకు వద్ద కొత్త అడ్డుకట్టకు ఒప్పందం చేసుకున్నాయి. విద్యుత్తు, శబ్దం, గాలి బుడగలు మూడూ వాడతారు. మొత్తం అంచనా 115 కోట్ల డాలర్లు.

పేరు మీద కూడా రాజకీయం నడిచింది. వీటన్నిటినీ కలిపి ‘ఏషియన్ కార్ప్’ అనేవారు. ఆ మాట ఆసియా మనుషులకు తగులుతోందని మిన్నెసోటా 2014లో చట్టం చేసి ‘చొరబాటు కార్ప్’గా మార్చింది. జనం తింటారన్న ఆశతో ఇల్లినాయ్ 2022లో ‘కోపీ’ అని కొత్త పేరు పెట్టింది. “మా ఆఫీసులో ఏషియన్లను తరిమెయ్యాలని జోకులేసేవాళ్లు. వెంటనే నా మొహం చూసి, నిన్ను కాదు అనేవాళ్లు” అని నవ్వాడు బావ. నవ్వు కాసేపే ఉంది.

* * *

సాయంత్రం ఆరింటికి హవానా దిగువన పడవ నీళ్లలో దింపాం. పెద్దాయన, ఆయన ఇద్దరు పాత సహోద్యోగులు, బావ, నేను. సరిగ్గా అయిదుగురం. లైసెన్సులు చూపించుకుని, లైఫ్ జాకెట్లు కట్టుకుని బయల్దేరాం. నది వెడల్పుగా, మందంగా, మట్టి రంగులో ఉంది. మొక్కజొన్న, సోయా నింపుకునే పదిహేను బార్జీలను ఒకే గుత్తిగా నెట్టుకుంటూ ఒక టగ్గు దిగువకు పోతోంది. ఆ సరుకు చేరేది న్యూ ఆర్లీన్స్ రేవుకు. దానికి దారిచ్చి ఒడ్డుకు జరిగాం. పెద్దాయన ఇంజను వేగం పెంచారు.

ఒక్కసారిగా నది పైకి లేచింది. ఇంతకన్నా నాకు వేరే మాట దొరకదు. ఇంజను చప్పుడుకు బెదిరిన సిల్వర్ కార్ప్ పదులు, వందలుగా గాల్లోకి ఎగిరాయి. కొన్ని మనిషి తల కన్నా ఎత్తుకు. మూడు మీటర్ల దాకా ఎగరగలవట. రెండు చేపలు వల మీద ధనాధన్ తగిలాయి. ఒకటి నేల మీద పడి నా కాళ్ల దగ్గర కొట్టుకుంది. మూడు నాలుగు కిలోలుంటుంది. అంత బరువు అంత వేగంతో మొహానికి తగిలితే ముక్కు ఎముక మిగలదు. వల ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఇంకా దిగువన బాత్ అనే పల్లెలో 2005 నుంచి ఈ ఎగిరే చేపలను చేతి వలలతో గాల్లోనే పట్టే పోటీ పెడుతూ వచ్చారు. కష్టాన్ని తిరునాళ్లగా మార్చుకోవడంలో పల్లెటూళ్లన్నీ ఒకటే.

చీకటి పడ్డాక ఇంజను ఆపి, పక్క మడుగులోకి తిరిగాం. జనరేటరు సన్నగా మొదలైంది. పన్నెండు దీపాలు ఒకేసారి వెలిగాయి. నీళ్లు తేనె రంగులోకి మారాయి. అడుగున్నర లోతులో నాచు, మొద్దులు, వాటి మధ్య నీడలు. క్షణంలో లోకంలోని పురుగులన్నీ మా మీద వాలాయి. ఇదంతా సరదా అనుకునేవాళ్లు ఆ పురుగులను చెవుల్లోంచి తీసుకుంటూ ఒక గంట నిలబడి చూడాలి.

విల్లు మామూలుదే, దానికి సీసాలాంటి రీలు బిగించి ఉంటుంది. బాణం ఫైబర్ గ్లాసుది, బరువెక్కువ, వెనక ఈకలుండవు. మొనకు వెనక్కి తెరుచుకునే ముళ్లుంటాయి. బాణానికి గట్టి తాడు. ఆ తాడును బాణం చివర కాకుండా, దాని మీద జారే చిన్న క్లిప్పుకు కడతారు. తాడు విల్లుకు చిక్కుకుంటే బాణం వెనక్కి తన్ని కంట్లో దిగే ప్రమాదాన్ని ఆ క్లిప్పే తప్పిస్తుంది. పెద్దాయన పడవలో క్లిప్పు లేని బాణానికి ప్రవేశం లేదు.

గురి సంగతి మరీ విచిత్రం. మత్స్యయంత్రం కొట్టిన అర్జునుడు కింద నీటిలో నీడ చూసి పైన చేపను కొట్టాడు. ఇక్కడ చేప నీటిలోనే ఉంది, కానీ కనిపించిన చోట లేదు. నీటిలో వెలుగు వంగడం వల్ల అది ఉన్న చోటుకన్నా పైన కనిపిస్తుంది. వీళ్ల లెక్క ప్రకారం పది అడుగుల దూరంలో, అడుగు లోతులో ఉన్న చేపకు నాలుగు అంగుళాలు కింద గురిపెట్టాలి. లోతు రెట్టింపైతే దించాల్సింది కూడా రెట్టింపు. ఇదంతా ఆలోచించడానికి ఉండే వ్యవధి ఒక సెకను.

ఆ సెకనులోనే ఇంకో ప్రశ్నకు జవాబు చెప్పాలి. అది ఏ చేప? గాలానికి పడ్డ చేపను తప్పయితే వదిలేయొచ్చు. బాణం దిగిన చేపకు ఆ భాగ్యం లేదు. ఈ నీళ్లలో కార్ప్‌తోపాటు బఫెలో అనే సొంత చేప ఉంది. గేదెతో దానికి పోలిక లేదు. పెద్ద తల, పెద్ద నోరు, చూడ్డానికి అచ్చం మన బొచ్చె. పెద్దనోటి బఫెలో వందేళ్లు దాటి బతుకుతుందని 2019లో శాస్త్రవేత్తలు తేల్చారు. మిన్నెసోటా నీళ్లలో పట్టిన ఒకదాని వయసు 112 ఏళ్లు. పైగా సిల్వర్ కార్ప్ దీని మేతకే ఎసరు పెట్టింది. కార్ప్ వచ్చాక ఇల్లినాయ్ నదిలో బఫెలో చిక్కిపోయిందని 2007లోనే హవానా పరిశోధకులు రాశారు. చట్టం దాన్ని కొట్టొద్దని అనడం లేదు. పెద్దాయన అంటారు.

బావ పని అక్కడ మొదలవుతుంది. అతను విల్లు పట్టడు. రెయిలింగు దగ్గర ఒక మూల నిలబడి నీళ్లలోకి చూస్తుంటాడు. చిన్నప్పుడు చెరువు గట్టు మీద నిలబడి, వల పడకముందే ఏ చేప ఎక్కడుందో చెప్పిన కళ్లు అవి. “గడ్డిచేప, కొట్టండి.” “మీసాలున్నాయి, కార్పే.” “వద్దు. వద్దు.” ఇంగ్లిష్‌లోనే చెప్పినా ఆ ‘వద్దు’ మాత్రం తెలుగులోనే వస్తుంది. ఆ ముగ్గురు ముసలి అమెరికన్లకూ ఆ ఒక్క తెలుగు మాట వచ్చు. వినగానే విల్లు దించుతారు.

పదిన్నరకు నా చేతికి విల్లిచ్చారు. పదకొండు బాణాలు వేశాను. పదకొండూ నదికే తగిలాయి. పన్నెండోసారి ఒక మొద్దు పక్కన నల్లటి నీడ నెమ్మదిగా తిరిగింది. గురిని ఇంకాస్త కిందికి దించి వదిలాను. నా నారి మోగడం, బావ “వద్దు” అనడం ఒకేసారి జరిగాయి.

తాడు లాగితే చేప పెద్దగా పెనుగులాడలేదు. చేయంత పొడవు, బూడిద రంగు, మీసాలు లేని గుండ్రటి మూతి. ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన వల తొలగించుకుని వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నారు. మొన తిప్పి బాణం బయటికి తీశారు. ఆ చేప పక్కన తన మోచేయి ఆనించి కొలిచారు. “మా నాన్న వీటిని అమ్మే నన్ను బడికి పంపాడు” అన్నారు. తిట్టలేదు. నా విల్లు తీసుకుని స్టాండుకు తగిలించారు. ఆ రాత్రి నేను దాన్ని మళ్లీ అడగలేదు.

ఆ చేప ఎప్పుడు పుట్టిందో నాకు తెలిసే దారి లేదు. నాకన్నా ముందే పుట్టి ఉండొచ్చు, పెద్దాయనకన్నా ముందే కూడా పుట్టి ఉండొచ్చు. ఒక జాతి చొరబాటుదారు, ఇంకో జాతి స్థానికం అని పగలు నోట్‌బుక్‌లో రాసుకున్న నాకు రాత్రి పది అడుగుల దూరంలో ఆ తేడా కనిపించలేదు. పౌరసత్వం గురించి, సరిహద్దుల గురించి ఎంఏలో రెండేళ్లు చదువుకున్నవాణ్ని.

* * *

తిరుగుదారిలో బావ తనంతట తానే మాట్లాడాడు. 2006లో కొల్లేరులో అయిదో కాంటూరు లోపలున్న చెరువులు తొలగించినప్పుడు మావయ్య చెరువు కూడా పోయింది. బావ అప్పుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. “గట్టు కొట్టింది పొక్లెయిన్. నేనిప్పుడు గీసేది దాని బొమ్మలే” అన్నాడు. కోపంగా అనలేదు. కొల్లేరు వైపు నుంచి చూస్తే ఆ చెరువే ఆక్రమణ అని అతనికి తెలుసు. సరస్సుకు నీళ్లు, పక్షులకు చోటు పోయాయన్న మాటా తెలుసు. “కానీ ఆ చెరువే నన్ను చదివించింది. రెండూ నిజమేరా. అందుకే నేను విల్లు పట్టను. పక్కన నిలబడి, ఏది ఏదో చెబుతా. అంతవరకే నా చేతనైంది.”

విల్లుతో ఈ చేపల సంఖ్య తగ్గదు. ఆ సంగతి పడవలో అందరికీ తెలుసు. తగ్గితే వలలతోనే తగ్గాలి. ఇల్లినాయ్ ప్రభుత్వం 2010 నుంచి నది ఎగువ భాగంలో కాంట్రాక్టు మత్స్యకారులతో ఆ పనే చేయిస్తోంది. మరి ఇంత శ్రమ, ఇన్ని దీపాలు దేనికని పెద్దాయన్ని అడిగాను. “ఏమీ చేయకుండా ఒడ్డున కూర్చుని చూడలేక” అన్నారు. కాసేపాగి, సరదా కూడా ఉందని ఒప్పుకున్నారు.

డ్రమ్ములోని కార్ప్ తెల్లారి ఒక కూరగాయల రైతు పొలంలో ఎరువుగా దున్నేందుకు వెళ్తుంది. బఫెలోను పెద్దాయన ఆ డ్రమ్ములో వేయనివ్వలేదు. పొరపాటున చచ్చింది వంటింటికే పోవాలన్నది ఆ పడవ నియమం. మర్నాడు మధ్యాహ్నం బావ దాన్ని చింతపండు పులుసు పెట్టాడు. దాంతోపాటు ఒక సిల్వర్ కార్ప్ ముక్కలు కూడా వేశాడు. అమెరికన్లు ఈ చేపను తినకపోవడానికి సగం కారణం ముళ్లు. కండ మధ్యలో చీలి ఉంటాయి. మనవాళ్లకు నాలుక మీదే ముల్లు ఏరే విద్య ఉంది. పెద్దాయన ఒక్కో ముల్లునీ పళ్లెం అంచున వరసగా పేర్చుకుంటూ, అరగంట సేపు, రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు. చెమటలు తుడుచుకుంటూ తన తండ్రి దీన్ని పొగబెట్టి అమ్మేవాడని చెప్పారు.

ఆ రాత్రే బావ కైకలూరుకు వీడియో కాల్ చేశాడు. అక్కడ అప్పుడే తెల్లారింది. మావయ్య లుంగీ మీద వరండాలో కూర్చుని ఉన్నాడు. బావ ముందు రాత్రి తీసిన వీడియో చూపించాడు. దీపాలు, పడవ, ఎగిరే చేపలు, నిండిన డ్రమ్ము. మావయ్య కళ్లజోడు సర్దుకుని డ్రమ్ము దగ్గర ఆపమన్నాడు. ఇది ఏ చేపని అడగలేదు, ఎందుకు చంపారని అడగలేదు.

“ఐసు ఏదిరా?” అన్నాడు.

“ఐసు వేయలేదు నాన్నా. అది పొలానికి పోతుంది.”

“చేపకి ఐసు వేయకుండా పడేస్తారట్రా?” అని మావయ్య మా ఇద్దరి వైపూ కోపంగా చూశాడు. బావ ఏదో చెప్పబోయి ఆగాడు. ఫోను పెట్టేశాక గ్యారేజీలోకి వెళ్లి పడవ కొలతల కాగితం తీశాడు. డ్రమ్ము పక్కన ఒక ఐసు పెట్టె పడితే బరువు ఎంత వెనక్కి జరపాలో లెక్క వేయడం మొదలుపెట్టాడు.